40 నిమిషాల ఆటలో 31 పాయింట్లు: మా అమ్మాయిల జట్టు వేగం పెంచాలా, ఇంకేదైనా మార్చాలా?

లెక్కల మేడమ్, శ్రీకాకుళం

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కళాశాలలో గణితం బోధిస్తున్నాను. మా దగ్గర వ్యాయామ అధ్యాపకుల (పీడీ) పోస్టు రెండేళ్లుగా ఖాళీగా ఉంది. చదువుకునే రోజుల్లో నేను బాస్కెట్‌బాల్ ఆడానని తెలిసి, అమ్మాయిల జట్టు బాధ్యత నాకు అప్పగించారు. ఇష్టంగానే తీసుకున్నాను. అయితే ఈ సంవత్సరం ఆడిన నాలుగు మ్యాచ్‌లలోనూ ఓడిపోయాము. మేము చేసిన పాయింట్లు వరుసగా 34, 29, 38, 31. మా మీద ఎదుటి జట్లు చేసినవి 41, 44, 40, 47.

మా ఆట ఎలా ఉంటుందో దాచకుండా చెబుతాను. బంతి మా చేతికి రాగానే మా పాయింట్ గార్డు, అంటే బంతిని ముందుకు తెచ్చి ఆట నడిపించే అమ్మాయి, దానిని నెమ్మదిగా నడిపించుకుంటూ సగం గీత దాటిస్తుంది. అప్పటికి ఎదుటి జట్టులోని అయిదుగురూ రింగు కింద సర్దుకుని నిలబడి ఉంటారు. ఆ తరువాత మా వాళ్లు మూడు పాయింట్ల గీత వెంట బంతిని ఒకరి నుంచి ఒకరికి అందించుకుంటూ ఉంటారు తప్ప ఎవరూ లోపలికి చొరబడరు. మేము ఆడే పోటీలలో 24 సెకన్ల గడియారం, అంటే బంతి చేతికి వచ్చాక షాటు వేయడానికి ఉన్న గడువును చూపేది, కంటికి కనిపించేలా ఉండదు. బల్ల దగ్గర ఒకరు స్టాప్‌వాచి పట్టుకుని చివరి సెకన్లను పైకి లెక్కపెడతారు. ఆ లెక్క చెవిన పడగానే, బంతి ఎవరి చేతిలో ఉంటే వారు ఎంత దూరంలో ఉన్నదీ చూసుకోకుండా విసిరేస్తారు.

మాది ఆరుబయట సిమెంటు కోర్టు. అక్టోబరు, నవంబరు వానలలో సగం రోజులు నీళ్లు నిలుస్తాయి, మిగిలిన రోజుల్లో పాచి జారుతుంది. సాయంత్రం దొరికేది ఒక్క గంట. అందులోనూ ఆమదాలవలస, నరసన్నపేట వైపు వెళ్లే పిల్లలు బస్సు అందుకోవాలని ముందే వెళ్లిపోతారు.

ఆట చూసిన సహోద్యోగులందరూ "పిల్లలను పరుగెత్తించండి, వేగంగా ఆడితే పాయింట్లు వాటంతట అవే వస్తాయి" అంటున్నారు. వినడానికి సబబుగానే ఉంది. కానీ నెమ్మదిగా ఆడుతున్నప్పుడే ఇన్నిసార్లు బంతిని పోగొట్టుకునేవాళ్లు వేగంగా ఆడితే ఇంకెన్నిసార్లు పోగొట్టుకుంటారో అన్నది నా భయం. అనుభవం ఉన్నవారు దారి చెప్పగలరా?

పాత పాయింట్ గార్డు, విజయనగరం

మేడమ్ గారూ, మీ భయంలో అర్థం ఉంది. నెమ్మదిగా ఆడడం, తక్కువ పాయింట్లు చేయడం అనేవి రెండు వేరువేరు విషయాలు. చూసేవారికి అవి ఒకటిగా కనిపిస్తాయి కాబట్టి మందు కూడా ఒకటే అనుకుంటారు.

నెమ్మదిగా ఆడి గెలిచినవారు లేకపోలేదు. అమెరికా కళాశాలల పోటీలలో వర్జీనియా విశ్వవిద్యాలయం పురుషుల జట్టు, టోనీ బెన్నెట్ శిక్షణలో ఉన్న కాలంలో, ఆ దేశంలోనే అతి నెమ్మదిగా ఆడే జట్లలో ఒకటిగా పేరు పడింది. ఆ జట్టు 2018లో జాతీయ పోటీల మొదటి రౌండులోనే ఒక అనామక జట్టు చేతిలో 54–74 తేడాతో ఓడిపోయినప్పుడు, ఆ నెమ్మదైన ఆటనే అందరూ తప్పుబట్టారు. మరుసటి సంవత్సరం అదే పద్ధతిలో ఆడి, ఫైనల్‌లో టెక్సాస్ టెక్ జట్టును అదనపు సమయంలో 85–77తో ఓడించి విజేతగా నిలిచింది. వాళ్లు నెమ్మదిగా ఆడింది మంచి షాటు దొరికేవరకు ఓపిక పట్టడం కోసం. పైగా బంతిని ఎదుటివారికి అప్పనంగా అప్పగించేవారు కారు.

అసలు ఆ 24 సెకన్ల గడియారం పుట్టుకకు కారణమే నెమ్మదైన ఆట. అమెరికా వృత్తి ఆటగాళ్ల పోటీలలో 1950 నవంబరు 22న ఫోర్ట్ వేన్ పిస్టన్స్ జట్టు మినియాపొలిస్ లేకర్స్‌ను 19–18తో ఓడించింది. లేకర్స్ వైపు జార్జ్ మైకన్ ఉన్నాడు, అతనిని ఆపడం ఎవరి వల్లా కాదు. అందుకని పిస్టన్స్ బంతిని అట్టే పెట్టుకుని కాలం గడిపారు. లేకర్స్ చేసిన 18 పాయింట్లలో 15 మైకన్‌వే. నాలుగేళ్ల తరువాత, 1954లో, డానీ బయసోన్ అనే జట్టు యజమాని ఒక లెక్క వేశాడు. మంచి మ్యాచ్‌లో రెండు జట్లూ కలిపి దాదాపు 120 షాట్లు వేస్తాయి, అక్కడి ఆట 48 నిమిషాలు, అంటే 2880 సెకన్లు, భాగిస్తే 24. మీరు లెక్కల వారు కాబట్టి ఇది మీకు నచ్చుతుందని రాస్తున్నాను. మనం ఆడే అంతర్జాతీయ నియమాలలోకి ఆ 24 సెకన్లు 2000లో వచ్చాయి, అంతకుముందు 30 ఉండేవి.

ఆ పిస్టన్స్ కావాలని బంతిని పట్టుకుని కూర్చున్నారు. మీ పిల్లలు ఏం చేయాలో తోచక పట్టుకుని ఉంటున్నారు. మీరు మార్చవలసింది ఆ తోచకపోవడాన్ని.

అయితే ముందుగా ఒక పని చేయండి. ఏదైనా ఒక మ్యాచ్‌ను ఎవరైనా ఫోనులో తీసి ఉంటే, దానిని కూర్చుని చూస్తూ బంతి మీ వంతుకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. బంతి మన చేతికి వచ్చినప్పటి నుంచి ఎదుటివారి చేతికి పోయేవరకు ఒక వంతు. మధ్యలో మన షాటు తప్పి, వెనక్కి వచ్చిన బంతి (రీబౌండ్) మళ్లీ మనకే దొరికితే అది ఆ వంతులోనిదే. వీడియో లేకపోతే స్కోరు పుస్తకం నుంచి అంచనా కట్టవచ్చు: వేసిన షాట్లలో నుంచి మన జట్టుకే దొరికిన రీబౌండ్లను తీసివేసి, షాటు వేయకుండా పోగొట్టుకున్న బంతులను కలిపి, ఫ్రీత్రోల (ఎదుటివారి ఫౌలుకు బదులుగా అడ్డు లేకుండా వేసే షాట్ల) సంఖ్యను 0.44తో గుణించి దానికి చేర్చాలి. రెండు ఫ్రీత్రోలు ఒక వంతును ముగిస్తాయి కదా, సగం ఎందుకు కాదంటారేమో. బుట్టలో పడిన షాటుకు అదనంగా దొరికే ఒక్క ఫ్రీత్రో లాంటివి ఉంటాయి కాబట్టి సగం కంటే కొంచెం తక్కువ తీసుకుంటారు.

అలాగే ప్రతి షాటూ వంతు మొదలైన ఎన్నో సెకనులో పడిందో కూడా రాసుకోండి. ఆ కాగితం చూసిన తరువాత మాట్లాడుకుందాం.

ఫుల్ కోర్ట్, పలాస

నా అభిప్రాయం వేరు. లెక్కలు తరువాత చూసుకోవచ్చు. కోర్టు మొత్తం వెంటబడి ఆడే డిఫెన్స్ నేర్పండి. ఎదుటివారికి సగం గీత దాటడానికి 8 సెకన్లే ఉంటాయి. ఇద్దరు అమ్మాయిలు మూలన కమ్ముకుంటే కంగారుపడి బంతిని ఇచ్చేస్తారు, మీకు ఖాళీ రింగు దొరుకుతుంది. మా ఊరి పిల్లలు అలాగే ఆడతారు, ఆ వయసు వారికి పరుగే ఉత్సాహం.

విశ్రాంత పీడీ, బొబ్బిలి

పలాస మిత్రులు చెప్పిన ప్రెస్, అంటే కోర్టు మొత్తం వెంటబడే డిఫెన్స్, మంచి ఆయుధమే, కాని దానికి కనీసం ఎనిమిది తొమ్మిది మంది సమానంగా ఆడగలవారు కావాలి. సాయంత్రం సాధన సగంలో బస్సు కోసం వెళ్లిపోయే జట్టుకు మొదటి నెలలోనే అది నేర్పితే, రెండో క్వార్టరు ముగిసేసరికి ఆయాసంతో ఫౌళ్లు పడతాయి. ఒక క్వార్టరులో నాలుగు ఫౌళ్లు దాటిన తరువాత ప్రతి ఫౌలుకూ ఎదుటివారికి రెండు ఫ్రీత్రోలు ఇచ్చుకోవాలి. ఇక మన ఆడపిల్లలకు కాళ్లలో సత్తువ ఉండదనే మాట కొందరు అంటుంటారు, దానిని మాత్రం నేను ఎన్నడూ ఒప్పుకోలేదు. మీ జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. సత్తువ ఉన్నది, దానిని ఎక్కడ ఖర్చు పెట్టాలో చెప్పడం మన పని.

అమ్మా, ముందుగా రెండు వస్తువులు చూడండి. మొదటిది బంతి. మహిళల ఆటకు 6వ నంబరు బంతి, పురుషులకు 7వ నంబరు. చాలా కళాశాలలలో అబ్బాయిల బంతులే అమ్మాయిలకూ ఇచ్చి సాధన చేయిస్తారు. ఆ పెద్ద బంతికి, దాని బరువుకు అలవాటు పడిన చేయి మ్యాచ్‌లో చిన్న బంతితో షాటు వేస్తే దూరం తప్పుతుంది. రెండోది రింగు. నేల నుంచి రింగు పై అంచు వరకు సరిగ్గా 3.05 మీటర్లు ఉండాలి. పాత కోర్టు మీద మరో పొర సిమెంటు పోసినచోట రింగు ఎత్తు తగ్గిపోతుంది, స్తంభం ఒరిగినచోట ఒక పక్కకు వాలుతుంది. మా కళాశాలలో పన్నెండేళ్లపాటు ఎవరూ కొలవని రింగు ఒకటి ఉండేది. మా పిల్లలు ఇంట గెలిచి బయట ఓడడానికి అది కూడా ఒక కారణమని చాలా ఆలస్యంగా గ్రహించాను.

ఇక ఆట సంగతి. మీ పాయింట్ గార్డు బంతిని నడిపించుకుంటూ తెస్తుందన్నారు. ఎదుటివారు బుట్ట వేసిన తరువాత మీ వాళ్లు ఏం చేస్తున్నారో గమనించండి. బంతి నేల మీద దొర్లుతుంది, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు, చివరకు ఎవరో ఒకరు వెళ్లి తీస్తారు, ఔనా? అక్కడ నాలుగైదు సెకన్లు పోతాయి. గీత బయటి నుంచి బంతిని లోపలికి వేసే పని ఒక్క అమ్మాయికే కేటాయించండి. సాధారణంగా అది రింగుకు దగ్గరలో ఉండే పొడుగు పిల్ల పని. బంతి వల దాటుతుండగానే ఆమె పట్టుకోవాలి, కాలు గీత బయట పెట్టాలి, వేయాలి. పాయింట్ గార్డు ఎప్పుడూ ఒకే పక్కన, ఫ్రీత్రో గీత సూటిన, పక్క గీతకు వీపు పెట్టి నిలబడాలి. మిగిలిన ముగ్గురిలో ఇద్దరు రెండు పక్క గీతల వెంట ముందుకు పరుగెత్తాలి. అప్పుడు బంతి పాసుతో ముందుకు వెళుతుంది. కోర్టు పొడవు 28 మీటర్లు. ఎంత చురుకైన పిల్ల అయినా డ్రిబ్లింగ్ చేస్తూ పాసుతో సమానమైన వేగంతో వెళ్లలేదు.

మీకు దొరికే గంటలో బస్సు పిల్లలు ఉండే మొదటి అరగంటను ఈ ఒక్క పనికే పెట్టండి. ముందు ఎదురు ఎవరూ లేకుండా అయిదుగురితో, తరువాత ఇద్దరు డిఫెండర్లకు ముగ్గురు ఎదురుగా, ఆ ఇద్దరే తిరిగి ఒకరి మీదకు వెళ్లేలా. బస్సు పిల్లలు వెళ్లిన తరువాత మిగిలినవారితో రింగు దగ్గరకు పరుగెత్తి వేసే లేఅప్‌లు, ఎడమ చేత్తో కూడా. ఆయాసం తీరకముందే ఫ్రీత్రోలు వేయించండి, మ్యాచ్‌లో ఎవరూ సేదదీరి ఫ్రీత్రో వేయరు కదా.

జెర్సీ నంబరు 9, టెక్కలి

నేను శిక్షకురాలిని కాను, అయిదేళ్ల క్రితం వరకు కళాశాల జట్టులో ఆడినదానిని. మేడమ్ గారు రాసిన "ఎవరూ లోపలికి చొరబడరు" అనే మాట దగ్గర ఆగిపోయాను, ఎందుకంటే ఆ గీత చుట్టూ బంతిని తిప్పిన అమ్మాయిలలో నేనూ ఒకదానిని.

మాకు షాటు వేయడం చేతకాక కాదు. షాటు తప్పితే బెంచీ మీద నుంచి "అబ్బా" అని ఒక నిట్టూర్పు వినిపించేది, మరుసటి నిమిషంలో మా సార్ మరొకరిని లోపలికి పంపేవారు. పాసు ఇస్తే మాత్రం ఎవరూ ఏమీ అనరు. అందుకని మేము అందరం పాసు ఇచ్చే అమ్మాయిలమయ్యాము. మూడో సంవత్సరంలో వచ్చిన కొత్త సార్ ఒక నియమం పెట్టారు: ఫ్రీత్రో గీత లోపల ఎదురుగా ఎవరూ లేకుండా బంతి అందినప్పుడు షాటు వేసి తప్పినవారిని ఆట నుంచి తీయరు, వేయకుండా వెనక్కి పాసు ఇచ్చినవారిని తీసి కూర్చోబెడతారు. మొదటి రెండు మ్యాచ్‌లలో మేము చాలా తప్పాము, ఆయన మాట తప్పలేదు. ఆ తరువాత మాలో కొందరికి షాటు వేయాలనే కోరిక నిజంగా పుట్టింది. మీ పిల్లలు ఎవరిని చూసి భయపడుతున్నారో ఒకసారి వాళ్లనే అడిగి చూడండి, మేడమ్.

లెక్కల మేడమ్, శ్రీకాకుళం

అందరికీ కృతజ్ఞతలు. పది రోజులు ఆలస్యంగా జవాబు రాస్తున్నాను, చెప్పిన పనులు చేసి రాద్దామని.

నాలుగో మ్యాచ్ వీడియో ఒక విద్యార్థిని తండ్రిగారి దగ్గర దొరికింది. రెండు రాత్రులు కూర్చుని లెక్కపెట్టాను. మేము 43 షాట్లు వేశాము, 13 పడ్డాయి, అందులో ఒకటి మూడు పాయింట్లది. మా షాటు తప్పినప్పుడు మాకే దొరికిన రీబౌండ్లు 5. షాటు వేయకుండానే పోగొట్టుకున్న బంతులు 19. ఫ్రీత్రోలు 9, పడినవి 4. సూత్రం ప్రకారం మా వంతులు దాదాపు 61.

షాట్ల సమయాలను మూడు భాగాలుగా విడగొట్టాను. మొదటి 8 సెకన్లలో వేసినవి 9, పడినవి 5. చివరి 5 సెకన్లలో వేసినవి 17, పడినవి 2. మధ్యలో 17కు 6.

పీడీ మాస్టారు చెప్పినట్టు బంతులు చూశాను. మేము సాధన చేస్తున్నవన్నీ 7వ నంబరువే. తూర్పు వైపు రింగు 2.98 మీటర్లు ఉంది. పడమటిది సరిగ్గానే ఉంది. ఎదుటివారు బుట్ట వేసిన తరువాత మా వాళ్లు బంతిని లోపలికి వేయడానికి తీసుకున్న సమయం కూడా గమనించాను. మాస్టారు అక్కడ ఉండి చూసినట్టే రాశారు.

టెక్కలి చెల్లెలు చెప్పిన ప్రశ్నను పిల్లలను అడిగాను. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఒక అమ్మాయి, "మేడమ్, షాటు తప్పినప్పుడు మీరు తల పట్టుకుంటారు" అంది. వీడియోలో చూశాను, నిజమే.

పాత పాయింట్ గార్డు, విజయనగరం

ఎంత శ్రద్ధగా చేశారు మేడమ్! ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు మీ కాగితమే జవాబు చెబుతుంది.

61 వంతులకు 31 పాయింట్లు, అంటే వంతుకు 0.51. బంతి చేతులు మారుతూ ఉంటుంది కాబట్టి ఎదుటివారికీ దాదాపు అన్నే వంతులు. వారి 47 పాయింట్లు వంతుకు 0.77. ఇప్పుడు సహోద్యోగుల సలహా ప్రకారం, ఇంకేమీ మార్చకుండా వేగం మాత్రమే పెంచి వంతులను 70 చేశారనుకోండి. మీకు 36 పాయింట్లు వస్తాయి, వారికి 54. 16 ఉన్న తేడా 18 అవుతుంది. వెనకబడిన జట్టు అదే ఆటను ఎక్కువసార్లు ఆడితే ఎక్కువగానే ఓడిపోతుంది.

అదే 61 వంతులు ఉంచి చూద్దాం. పోగొట్టుకున్న 19 బంతులను 13కు తగ్గించగలిగితే ఆరు వంతులు చేతిలో మిగులుతాయి. మీరు బంతిని పోగొట్టుకోని 42 వంతులలో 31 పాయింట్లు చేశారు, వంతుకు 0.74 చొప్పున, ఆరు వంతులకు నాలుగు పాయింట్లకు పైగా. చివరి సెకన్లలో విసిరిన 17 షాట్లలో ఎనిమిదింటిని ముందుకు తెచ్చారనుకోండి. మొదటి 8 సెకన్లలో 9కి 5 పడ్డాయి కదా అని అదే నిష్పత్తి ఆశించకూడదు, అవి చాలావరకు ఖాళీ రింగు లేఅప్‌లై ఉంటాయి. మధ్య భాగంలోని 17కు 6 చొప్పున లెక్కించినా ఎనిమిదింటికి దాదాపు మూడు పడతాయి, ఇప్పుడు ఒకటి పడుతున్నచోట. అది మరో నాలుగు పాయింట్లు. ఫ్రీత్రోలు 9కి 6 వేస్తే ఇంకో రెండు. అన్నీ కలిపితే 41. ఒక్క వంతు కూడా పెరగలేదు.

మరి వేగం అక్కరలేదా అంటే, అక్కర ఉన్నది, కాని అది మొదటి 8 సెకన్లలో. ఎదుటి అయిదుగురూ సర్దుకునేలోపు బంతి ముందుకు చేరితే మంచి షాటు దొరుకుతుంది, దొరకకపోతే వెనక్కి తెచ్చుకుని నిదానంగా ఆడవచ్చు, ఆ తొందరలో షాటు వేయమని ఎవరినీ బలవంతపెట్టకండి. పీడీ మాస్టారి సాధన సరిగ్గా దీనికే. షాటు తప్పి రీబౌండ్ మీకే దొరికితే గడియారం మళ్లీ 24కు వెళ్లదు, 14 సెకన్లే ఉంటాయి. 2014 నుంచి ఇదే నియమం. ఆ సంగతి పిల్లలందరికీ తెలుసో లేదో కనుక్కోండి.

డీన్ ఆలివర్ అనే అమెరికా విశ్లేషకుడు జట్టు గెలుపోటములకు నాలుగు విషయాలు ముఖ్యమంటాడు: షాట్లు ఎంత బాగా పడుతున్నాయి, బంతిని ఎంత పోగొట్టుకుంటున్నారు, తమ షాటు తప్పినప్పుడు రీబౌండ్ ఎంత దక్కుతోంది, ఫ్రీత్రోలు ఎన్ని వస్తున్నాయి. వేగం ఆ నాలుగింటిలో లేదు.

ఫుల్ కోర్ట్, పలాస

36, 54 లెక్క చూసిన తరువాత నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ప్రెస్ వచ్చే ఏడాదికి ఉంచండి. అయితే చివరి క్వార్టరులో రెండు నిమిషాలకు మాత్రం పనికొస్తుంది, అంతవరకైనా నేర్పండి.

విశ్రాంత పీడీ, బొబ్బిలి

అమ్మా, తూర్పు రింగు ఎత్తు సరిచేసేవరకు షాట్ల సాధన పడమటి రింగు దగ్గరే చేయించండి. 6వ నంబరు బంతులు ఈ సంవత్సరం నిధులలో రెండు దొరికినా చాలు. పాయింట్ గార్డుగా ఆడే అమ్మాయికి ఒకటి ఇచ్చి, ఇంటికి తీసుకుపోనివ్వండి.

లెక్కల మేడమ్, శ్రీకాకుళం

రెండు బంతులకు ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు. రింగు సంగతి కూడా రాసి ఇచ్చాను. నిన్న సాయంత్రం మొదటి అరగంట గీత బయటి నుంచి బంతి వేయడమే చేయించాను. మా పొడుగు అమ్మాయి మొదట నాలుగుసార్లు బంతిని పాయింట్ గార్డు తల మీదుగా విసిరింది, అయిదోసారి సరిగ్గా చేతికి అందించింది, బంతి నేలను తాకకుండానే అటు చివర లేఅప్ పడింది. బస్సుకు వెళ్లవలసిన ఇద్దరు సంచులు భుజాన వేసుకుని మళ్లీ వెనక్కి వచ్చి ఇంకొకసారి చేశారు.

మొదటి సంవత్సరం చదువుతున్న ఇద్దరికి స్కోరు పుస్తకం అప్పగించి, వంతులు లెక్కపెట్టడం నేర్పాను. బెంచీ మీద నా చేతులు ఒడిలోనే ఉండాలని, తల మీదకు వెళితే పుస్తకంలో గుర్తు పెట్టమని కూడా వాళ్లకు చెప్పాను. వచ్చే నెల మ్యాచ్ అయిన తరువాత ఆ పేజీలోని అంకెలన్నీ ఇక్కడ రాస్తాను.